టీచర్ రాసిన రికమెండేషన్ లెటర్ మనం చూడొచ్చా?

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. మా అమ్మాయి ఇప్పుడు పన్నెండో తరగతి. కామన్ యాప్ (చాలా కాలేజీలకు ఒకేచోట అప్లై చేసే ఆన్‌లైన్ ఫారం) నింపుతుంటే ఒకచోట, రికమెండేషన్ లెటర్లు చూసే హక్కు వదులుకుంటావా లేదా అని అడిగి సంతకం చేయమంది. మావారేమో "మన పిల్ల గురించి ఎవరో ఏదో రాస్తే మనం చూడకూడదా? ఉన్న హక్కు ఊరికే ఎందుకు వదులుకోవాలి? వదులుకోనని పెట్టు" అంటున్నారు. అలా పెడితే టీచర్లు రాయరని అమ్మాయి గొడవ. కెమిస్ట్రీ టీచర్‌ని అడగాలని దానికి చాలా ఇష్టం. కానీ పోయినేడు ఆ సబ్జెక్టులో బి వచ్చింది, ఏం రాస్తారోనని భయపడుతోంది. ఇంగ్లీష్ టీచర్ రాస్తానని ఒప్పుకుని, కాపీ కూడా ఇస్తానన్నారట. తీసుకుంటే తప్పా? పోయినేడు ఒంట్లో బాగాలేక నెల రోజులు స్కూలుకు వెళ్లలేదు, ఆ సంగతి లెటర్లో వస్తుందేమోనని నా బెంగ. అమ్మాయికి ఇంకా పదిహేడే కాబట్టి ఈ సంతకం మేం పెట్టాలా?

సమాధానం: వదులుకుంటున్నానన్న దానికే టిక్ పెట్టమనండి. సంతకం మాత్రం అమ్మాయిదే. వయసు ఎంతైనా సరే, ఈ ఒక్క విషయంలో విద్యార్థి చేసిన సంతకమే చెల్లుతుందని చట్టంలోనే ఉంది. మీరు పెడితే చెల్లదు.

మీవారి ప్రశ్న కొట్టిపారేసేది కాదు. హక్కు వదులుకోమంటే ఎవరికైనా అనుమానం రావాలి. అయితే ఆ హక్కు అసలు ఎంత ఉందో కొలిచి చూస్తే ఆయన పట్టు కొంత సడలుతుంది.

ఆ హక్కు ఇచ్చింది, ఫెర్పా అని అందరూ అనే, 1974లో వచ్చిన అమెరికా ఫెడరల్ చట్టం. పూర్తి పేరు ఫ్యామిలీ ఎడ్యుకేషనల్ రైట్స్ అండ్ ప్రైవసీ యాక్ట్. న్యూయార్క్ సెనేటర్ జేమ్స్ బక్లీ తెచ్చాడు కాబట్టి బక్లీ సవరణ అని కూడా అంటారు. పిల్లల గురించి స్కూలు దాచిపెట్టుకున్న రికార్డుల్ని తల్లిదండ్రులు అడిగి చూసుకోవచ్చు, పద్దెనిమిదేళ్లు నిండినా కాలేజీలో చేరినా ఆ హక్కు పిల్లల చేతికే వస్తుంది. చట్టం సారాంశం అదే. మరి గుట్టుగా ఉంచుతామని మాటిచ్చి రాయించుకున్న లెటర్ల సంగతేమిటన్న చిక్కు వెంటనే వచ్చింది. అందుకని అదే ఏడాది డిసెంబర్ నెలాఖరులో చట్టాన్ని సవరించారు. 1975 జనవరి 1కి ముందు ఫైల్లో చేరిన గోప్య లెటర్లను కాలేజీ చూపనక్కర్లేదు. ఆ తర్వాతవైతే, చూసే హక్కు వదులుకుంటున్నానని విద్యార్థి రాసిచ్చి ఉంటే చూపనక్కర్లేదు. మీ అమ్మాయి ముందున్న ఆ గడి యాభై ఏళ్ల కిందటి ఆ సవరణ లోంచి వచ్చిందే.

ఇక్కడ కీలకం "విద్యార్థి" అన్న మాటలో ఉంది. కాలేజీ విషయంలో ఈ చట్టం దృష్టిలో విద్యార్థి అంటే అక్కడ చేరి చదువుతున్నవాళ్లు, చదివి వెళ్లినవాళ్లు. అప్లై చేసినవాళ్లు కాదు. మీ అమ్మాయి పది కాలేజీలకు పెట్టిందనుకోండి. సీటు రాని కాలేజీల్లో గానీ, వచ్చినా చేరని కాలేజీల్లో గానీ, హక్కు వదులుకోకపోయినా ఆ లెటర్ చూపమని ఫెర్పా కింద అడగడానికి లేదు. చేరిన ఒక్క కాలేజీలో అడగొచ్చు, అదీ చేరాక, అదీ ఆ కాలేజీ అప్పటిదాకా దాన్ని ఉంచుకుని ఉంటే. అడిగిన 45 రోజుల్లోపు చూపాలి, నిజమే. కానీ ఫలానా లెటర్‌ను ఇన్నాళ్లు దాచిపెట్టాలని చట్టం ఎక్కడా అనలేదు. అడిగి ఉన్నదాన్ని మాత్రం ఈలోపు చింపేయకూడదు. 2015లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు కొందరు ఈ చట్టం కిందే తమ అడ్మిషన్ ఫైళ్లు తెప్పించుకునే దారి బయటపెట్టారు. ఆ తర్వాత కొన్ని విద్యాసంస్థలు అడ్మిషన్ అయిపోగానే ఆ కాగితాలు తీసేయడం మొదలుపెట్టాయి.

అంటే "ఆ లెటర్ వల్లే సీటు పోయిందా?" అని తేల్చుకోవడానికి ఈ హక్కు పనికిరాదు. చేరిన కాలేజీలో మాత్రమే, చేరాక మాత్రమే చూడగలరు. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే. అమ్మాయి వదులుకుంటున్నది అంతే. మార్కుల రికార్డులు, ట్రాన్‌స్క్రిప్టు, కాలేజీలో చేరాక పుట్టే ఫైళ్లు, వీటి మీద హక్కులన్నీ అలాగే ఉంటాయి. లెటర్లు ఎవరెవరు రాశారో పేర్లు చెప్పమని అడిగే హక్కు, ఆ లెటర్లను అడ్మిషన్‌కు తప్ప ఇంకో పనికి వాడకూడదన్న రక్షణ, హక్కు వదులుకున్నవాళ్లకు కూడా చట్టం విడిగా ఇచ్చింది.

మరి ఇంత చిన్న హక్కును ఉంచుకుంటే వచ్చే నష్టమేమిటని మీవారు అడగొచ్చు. నష్టం ఆ టిక్ ఇద్దరికి కనిపించడంలో ఉంది. రాసే టీచర్‌కు ఫారం తెరవగానే తెలుస్తుంది, చదివే కాలేజీకీ తెలుస్తుంది. వదులుకోలేదని చూసిన టీచర్ చెడ్డగా ఏమీ రాయరు, ఎవరికీ తగలకుండా చప్పగా రాస్తారు. "క్రమశిక్షణ గల విద్యార్థిని, హోంవర్కు వేళకు ఇచ్చింది" అన్న తరహాలో. చదివేవాళ్లు కూడా, ఇది తల్లిదండ్రుల కంట్లో పడుతుందని తెలిసి రాసిన లెటర్ కదా అని ఒక పాలు తగ్గించుకునే చదువుతారు. నిజంగా మెచ్చుకున్న మాటకు కూడా విలువ తగ్గిపోతుంది. కామన్ యాప్ టీచర్ ఫారంలో లెటరొక్కటే కాదు, ఒక పట్టిక కూడా ఉంటుంది. రాత, చర్చల్లో పాల్గొనడం, పట్టుదల, నిజాయితీ, దెబ్బ తగిలినప్పుడు తట్టుకునే తీరు వంటివాటికి సగటు కన్నా తక్కువ నుంచి "నేను ఇంతవరకు చూసిన కొద్దిమందిలో ఒకరు" దాకా గడులు. విద్యార్థి చూడదన్న నమ్మకం ఉన్న టీచరే ఒక గడిలో "బాగుంది" అని పెట్టి, ఇంకో గడిలో ధైర్యంగా పైమెట్టు పెడతారు. అలా ఎగుడుదిగుడుగా ఉన్న పట్టికనే చదివేవాళ్లు నమ్ముతారు.

వదులుకోకపోతే అప్లికేషన్ తిరస్కరిస్తామని కాలేజీ అనడానికి వీల్లేదు, వదులుకోవడాన్ని షరతుగా పెట్టకూడదని చట్టంలోనే ఉంది. కానీ టీచర్ "నేను రాయను" అనడానికి ఏ చట్టమూ అడ్డు రాదు. మీ అమ్మాయి భయం అక్కడ నిజమే. చూసే హక్కు ఉంచుకున్నవాళ్లకు రాయకూడదని నియమం పెట్టుకున్న టీచర్లు ఉన్నారు.

సంతకాల సంగతికి వద్దాం, ఇక్కడ చాలా ఇళ్లలో రెండు వేర్వేరు కాగితాలు కలిసిపోతాయి. చూసే హక్కు వదులుకునేది ఒకటి. అది అమ్మాయి చేసేది. రెండోది స్కూలు ఇంటికి పంపే సమ్మతి పత్రం, అంటే లెటర్ రాసేవాళ్లు స్కూలు రికార్డుల్లోని సంగతులు బయటికి చెప్పడానికి అనుమతి. క్లాసులో తన కళ్లతో చూసింది రాయడానికి టీచర్‌కు ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ జీపీఏ, టెస్టు స్కోరు, హాజరు లాంటివి రికార్డుల్లోంచి తీసి లెటర్లో పెడితే రాతపూర్వక సమ్మతి ఉండాలంటారు. పద్దెనిమిది నిండనివాళ్ల తరఫున అది తల్లిదండ్రులు ఇచ్చేది. మీ స్కూలు అలాంటి ఫారం పంపితే అక్కడ మీ సంతకం పెట్టండి. అది ఆలస్యమై లెటర్లు ఆగిపోయిన సందర్భాలు ఉంటాయి, బ్యాగులోనే ఉండిపోయిందేమో ఒకసారి చూడండి.

కామన్ యాప్‌లో పని వరస తప్పితే ఆ పేజీయే తెరుచుకోదు. ముందు ఎడ్యుకేషన్ విభాగంలో ఇప్పటి హైస్కూలు వివరాలు నింపాలి. తర్వాత మై కాలేజెస్‌లో కనీసం ఒక్క కాలేజీ అయినా చేర్చాలి. అప్పుడు ఆ కాలేజీ కింద రికమెండర్స్ అండ్ ఫెర్పా అన్న చోటికి వెళితే రిలీజ్ ఆథరైజేషన్ కనిపిస్తుంది. వివరణ చదివానని టిక్ పెట్టి, స్కూలు నా రికార్డులు పంపవచ్చని ఒప్పుకుని, వదులుకోవడమా మానడమా ఎంచుకుని, పేరు టైప్ చేసి తేదీ వేయడంతో సంతకం అయిపోతుంది. ఈ జవాబు ఒక్క కాలేజీకి కాదు, కామన్ యాప్‌లో పెట్టే కాలేజీలన్నిటికీ అదే. ఇక్కడ వదులుకుని అక్కడ ఉంచుకోవడం కుదరదు. ఫారాలు వెళ్లడం మొదలయ్యాక మనసు మార్చుకోవడానికీ లేదు. కాబట్టి మీ ఇంట్లో ఈ వాదన తెమిలేదాకా టీచర్లకు ఆహ్వానం పంపొద్దనండి.

ఆహ్వానం పంపేముందు ఇంకోటి తేల్చుకోవాలి. లెటర్లు, రికార్డులు కాలేజీలకు పంపడానికి స్కూళ్లు వాడే నావియాన్స్, స్కోయిర్ లాంటి ఆన్‌లైన్ వ్యవస్థ ఏదైనా మీ స్కూలు వాడుతుందా? వాడుతుంటే టీచర్లను అడగాల్సింది అక్కడే, కామన్ యాప్‌లో కాదు. అయినా ఫెర్పా సంతకం మాత్రం ముందు కామన్ యాప్‌లో చేసి, ఆ తర్వాత రెండు ఖాతాల్నీ కలపాలి. తలకిందులుగా చేస్తే ఖాతాలు కలవవు, టీచర్‌కు అభ్యర్థన చేరదు, చేరలేదని మీకు తెలిసేసరికి గడువు ముంచుకొస్తుంది. అలాంటి వ్యవస్థ లేని స్కూలైతే టీచర్ పేరు, ఈమెయిలు కామన్ యాప్‌లోనే ఇవ్వాలి. ఏ ఈమెయిలు వాడతారో టీచర్‌నే అడిగి ఇవ్వమనండి. చాలామందికి పాతదీ కొత్తదీ రెండు ఖాతాలు ఉంటాయి, లెటర్ ఒకచోట, ఆహ్వానం ఇంకోచోట అయిపోతుంది. పిలిస్తే సరిపోదు, ఏ టీచర్ లెటర్ ఏ కాలేజీకి వెళ్లాలో ఒక్కో కాలేజీ కింద విడివిడిగా కేటాయించాలి. కొత్తవాళ్లు ఎక్కువగా మరిచిపోయేది ఇదే.

మన పేర్లతో వచ్చే తంటా కూడా చెప్పాలి. ఇంటిపేరు ముందా వెనకా, రెండు మాటల పేరు కలిపా విడదీసా అన్నది స్కూలు రికార్డులో ఎలా ఉందో కామన్ యాప్‌లోనూ అచ్చం అలాగే ఉండాలి. లెటర్ విడిగా వచ్చినప్పుడు కాలేజీ పేరు, పుట్టిన తేదీ చూసి ఫైలుకు జత చేస్తుంది. పేరు తేడా వస్తే లెటర్ వచ్చి కూడా రానట్టే పడి ఉంటుంది.

టీచర్‌కు కంప్యూటర్ గొడవలు తెలియవనో, తొందరగా అవుతుందనో టీచర్ పేరు మీద మీరో మీ అమ్మాయో ఈమెయిలు తెరిచి లెటర్ ఎక్కించే పని కలలో కూడా చేయొద్దు. "నువ్వే రాసుకురా, నేను సంతకం పెడతా" అనే టీచర్ దొరికినా సరే, "నా వివరాలన్నీ రాసిస్తాను, లెటర్ మాత్రం మీ మాటల్లోనే కావాలి" అని చెప్పడమే మర్యాద. అమ్మాయి తన వ్యాసం, టీచర్ లెటర్ రెండూ ఒకే చేత్తో రాసినట్టుంటే చదివేవాళ్లకు పట్టుబడుతుంది. అది తెలిస్తే పోయేది ఒక లెటర్ విలువ కాదు, మొత్తం అప్లికేషన్.

ఇంగ్లీష్ టీచర్ ఇస్తానన్న కాపీ తీసుకోవడం తప్పు కాదు. వదులుకున్నది చూపమని గట్టిగా అడిగే హక్కును. చూపించాలా వద్దా అన్నది టీచర్ ఇష్టం, ఆ స్వేచ్ఛను ఈ సంతకం లాగేసుకోదు. స్కూలు నియమాలు టీచర్‌కు అడ్డు కావొచ్చు గానీ అది ఆవిడ చూసుకుంటారు. కాకపోతే కొన్ని మెళకువలున్నాయి. మీరు గుర్తు చేయొద్దు. "కాపీ ఇస్తానన్నారు కదా" అని అడిగిన క్షణం నుంచి టీచర్ మీ కోసం రాయడం మొదలుపెడతారు. లెటర్ కాలేజీలకు వెళ్లాకే ఇస్తే మంచిది, వెళ్లకముందే ఇస్తే దిద్దమని అడిగినట్టవుతుంది. ఒకవేళ ముందే చేతికిస్తే, చదివి కృతజ్ఞతలు చెప్పి ఊరుకోవాలి. తప్పు తరగతి పేరో, అబ్బాయి అని పడడమో ఉంటే ఆ ఒక్క మాట చెప్పొచ్చు, "ఇంకాస్త బలంగా రాయండి" అనకూడదు. ఆ కాపీని స్కాలర్‌షిప్ అప్లికేషన్‌కు అమ్మాయి తానే ఎక్కించకూడదు. విద్యార్థి చేతుల మీదుగా వచ్చిన లెటర్‌ను గోప్యమైనదిగా ఎవరూ చూడరు, పైగా ఆ రాత టీచర్‌ది. వాట్సాప్ గ్రూపులో మురిపెంగా పంచుకోవడం అంతకన్నా వద్దు. అదే టీచర్ ఇంకో ఇద్దరు తెలుగు పిల్లలకు రాస్తూ ఉంటారు, మూడిళ్లవాళ్లూ పోల్చుకోవడం మొదలుపెడితే వచ్చే ఏడాది ఆవిడ ఎవరికీ కాపీ ఇవ్వరు.

అనారోగ్యం విషయంలో మీ బెంగ నిజమైనదే, పైగా దీన్ని ఆ టిక్ ఏమీ చేయలేదు. చూసే హక్కు ఉంచుకున్నా లెటర్ వెళ్లకముందు మీకు కనపడదు. కాబట్టి లెటర్ రాయకముందే చెప్పుకోవాలి. నెల రోజులు క్లాసుకు రాలేదన్నది టీచర్లు కళ్లారా చూసిన విషయం, స్కూల్లో కాలేజీ అప్లికేషన్ల పని చూసే కౌన్సెలర్‌కూ తెలుసు. కౌన్సెలర్ కూడా స్కూల్ రిపోర్టుతో పాటు ఒక లెటర్ రాస్తారు. నోరు విప్పకపోతే ఎవరికి తోచింది వాళ్లు రాస్తారు. ముగ్గురూ మూడు రకాలుగా రాస్తే చదివేవాళ్లకు లేని అనుమానం పుడుతుంది. ఏం చెప్పొచ్చో, ఏం చెప్పొద్దో అమ్మాయి, మీరు కలిసి నిర్ణయించుకుని కౌన్సెలర్‌కు ఈమెయిలు పెట్టండి. ఉదాహరణకు: "పదకొండో తరగతిలో అనారోగ్యం వల్ల నాలుగు వారాలు స్కూలుకు రాలేకపోయిందని, తిరిగొచ్చాక వెనకబడిన పాఠాలు పూర్తి చేసిందని చెప్పడానికి మాకు అభ్యంతరం లేదు. జబ్బు పేరు, చికిత్స వివరాలు మాత్రం రాయొద్దని మనవి." ఇదే మాట ఇద్దరు టీచర్లకూ వెళ్లాలి. నోటిమాటగా చెబితే రాసే వేళకు గుర్తుండదు. జబ్బు గురించి అమ్మాయి తన మాటల్లో చెప్పుకోవాలనుకుంటే కామన్ యాప్‌లో పరిస్థితులు వివరించుకునే చోటు విడిగా ఉంది, అక్కడ రెండు మూడు వాక్యాలు చాలు. నా అభిప్రాయంలో ఆ నెల సంగతి పూర్తిగా దాచడం కన్నా ముక్తసరిగా చెప్పడమే మేలు. బి ఎందుకొచ్చిందో దానంతటదే అర్థమవుతుంది.

ఇక కెమిస్ట్రీ టీచర్. చెడ్డ లెటర్ నుంచి కాపాడేది చూసే హక్కు కాదు, ఎవరిని అడుగుతున్నాం, ఎలా అడుగుతున్నాం అన్నదే. "నాకు లెటర్ రాస్తారా?" అంటే కాదనడం టీచర్లకు మొహమాటం. అలా కాకుండా "నా గురించి బలమైన లెటర్ రాయగలిగేంత బాగా నేను మీకు తెలుసని అనుకుంటున్నారా? లేదనిపిస్తే మొహమాటపడకండి, ఇంకొకరిని అడుగుతాను" అనమనండి. తప్పుకోవడానికి దారి చూపిస్తే నిజమైన జవాబొస్తుంది. వెంటనే "తప్పకుండా" అంటే సంతోషం. "రాస్తాలే గానీ నువ్వు ఇంకెవరినైనా అడిగావా?", "నాకు చాలామంది ఉన్నారు", "నీ మార్కులు ఎంతో చూసి చెప్తా", ఇలాంటివి వినిపిస్తే కాదన్నట్టే లెక్క. థాంక్స్ చెప్పి పక్కకు రావాలి, పట్టుబట్టకూడదు. అడిగేది ఎదురుగా నిలబడి, క్లాసు అయ్యాక, పక్కన స్నేహితులు లేనప్పుడు. ఈమెయిలు ఆ తర్వాత.

బి వచ్చిన సబ్జెక్టులో లెటర్ అడగకూడదన్న భయం ఎక్కడినుంచి వచ్చిందో గానీ, అది తప్పు. "ఏ" గ్రేడ్ వచ్చిన పిల్లల గురించి టీచర్‌కు చెప్పడానికి ఒక్కోసారి మార్కులు తప్ప ఏమీ ఉండదు. తరగతి తర్వాత ఆగి ప్రశ్నలడిగిన పిల్ల, నెల రోజుల ల్యాబులు తిరిగి చేసుకున్న పిల్ల గురించి చెప్పడానికి చాలా ఉంటుంది. పైగా మీ ఎంపిక కాలేజీలు కోరుకునే తీరుకు సరిపోతోంది. టీచర్ లెటర్లు అడిగే కాలేజీలు మామూలుగా పదకొండు, పన్నెండు తరగతుల్లో ముఖ్యమైన సబ్జెక్టులు చెప్పినవాళ్లవే కోరతాయి. ఎంఐటీ అయితే ఒకటి లెక్కలు లేదా సైన్స్ టీచర్ నుంచి, ఇంకొకటి భాష, చరిత్ర వంటివి చెప్పినవాళ్ల నుంచి కావాలంటుంది. దాని అప్లికేషన్ కూడా కామన్ యాప్‌లో కాదు, వాళ్ల సొంత పోర్టల్లో పెట్టాలి. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లు మాత్రం అప్లికేషన్‌తో లెటర్లు అడగవు. ఒక్కో కాలేజీకి ఎన్ని లెటర్లో దాని పేజీలో ఉంటుంది. రెండన్నచోట నాలుగు పంపితే బలం పెరగదు, చదివేవాళ్లకు విసుగు పెరుగుతుంది. ఊళ్లో పేరున్న మనిషి ఎవరితోనో రాయించే ఆలోచన ఉంటే, అమ్మాయి పని ఆయన చూసి ఉండకపోతే మానుకోండి.

ఒప్పుకున్న టీచర్‌కు ఇచ్చే ఒక పేజీ కాగితం మీదే సగం లెటర్ ఆధారపడుతుంది. దాన్ని బ్రాగ్ షీట్ అంటారు గానీ గొప్పలు రాయడం కాదు. ఆ టీచర్ క్లాసులో జరిగినవి మూడు నాలుగు, తేదీలు, వివరాలతో సహా గుర్తు చేయడం. "కెమిస్ట్రీ అంటే నాకు చాలా ఇష్టం" అన్న వాక్యంతో టీచర్ చేసేదేమీ లేదు. "టైట్రేషన్‌లో మా ఫలితం రెండుసార్లు ఎక్కువగా వచ్చింది, బ్యూరెట్ ముక్కులో గాలి బుడగ ఉండిపోయిందని మూడోసారికి పట్టుకున్నాను" అన్నది ఇస్తే దానిచుట్టూ ఒక పేరా అల్లుతారు. క్లబ్బులు, అవార్డుల జాబితా అప్లికేషన్లో ఎలాగూ ఉంటుంది, మళ్లీ ఇక్కడ వద్దు. చదవాలనుకుంటున్న సబ్జెక్టు, ఎందుకో రెండు వాక్యాలు. అడుగున కాలేజీల పేర్లు, ఒక్కోదాని గడువు, ఎక్కడినుంచి లింకు వస్తుందో రాయాలి. టీచర్ కామన్ యాప్‌లో పెట్టే లెటర్ కేటాయించిన కాలేజీలన్నిటికీ అదే వెళుతుంది. కాబట్టి లెటర్లో ఏ ఒక్క కాలేజీ పేరూ రాకుండా చూడమని ఒక ముక్క వినయంగా చేర్చితే మంచిది. ఒక కాలేజీని ఆకాశానికెత్తిన లెటర్ మిగతా తొమ్మిదింటికీ వెళితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. గోప్యం కాబట్టి ఆ పొరపాటు మీకు ఎప్పటికీ తెలియదు.

వేళ సంగతి. ముందస్తు గడువులు ఎక్కువగా నవంబర్ 1న, మామూలువి జనవరి మొదట్లో ఉంటాయి. టీచర్‌కు కనీసం నాలుగు వారాలైనా ఉండాలి, అంటే నవంబర్ 1కి పెట్టేటట్టయితే సెప్టెంబర్ దాటకుండా అడగాలి. పదకొండో తరగతి చివర్లో అడిగి ఉంటే ఇంకా బాగుండేది. కొందరు టీచర్లు ఏడాదికి ఇన్నే రాస్తామని లెక్క పెట్టుకుంటారు. గడువుకు పది రోజుల ముందు ఒక్కసారి గుర్తు చేయొచ్చు, అమ్మాయి చేయాలి, మీరు కాదు. తల్లిదండ్రుల నుంచి టీచర్‌కు ఫోన్ వెళ్లిందంటే ఆ లెటర్లో "సొంతంగా పని చేసుకుంటుంది" అన్న వాక్యం వచ్చే అవకాశం తగ్గిపోయినట్టే.

లెటర్ వెళ్లిందా లేదా అన్నది కామన్ యాప్‌లోనే కనిపిస్తుంది, ఏం రాశారన్నదే కనిపించదు. టీచర్లు పంపేదాకా ఆగి అమ్మాయి అప్లికేషన్ ఆపుకోనక్కర్లేదు, రెండూ విడివిడిగా వెళతాయి. అప్లికేషన్ పెట్టాక దాదాపు ప్రతి కాలేజీ తన పోర్టల్లో ఒక చెక్‌లిస్టు చూపిస్తుంది. అక్కడ "రాలేదు" అని కనిపిస్తే కంగారుపడి ఆ రాత్రే టీచర్‌కు మెయిలు పెట్టొద్దు. గడువు రోజుల్లో కుప్పలుగా వచ్చిన కాగితాలు ఫైళ్లకు చేరడానికి కొన్ని రోజులు పడుతుంది. వారం దాటినా అలాగే ఉంటే ముందు పేరు, పుట్టిన తేదీ సరిచూసుకుని, కామన్ యాప్‌లో "పంపారు" అని ఉందేమో చూసి, అప్పుడు కాలేజీ అడ్మిషన్ ఆఫీసును అడగాలి. చివరగా కౌన్సెలర్‌ను.

మీవారు ఇంకా ఒక మాట అడగొచ్చు: "ఇప్పుడు వదులుకుని, కాలేజీలో చేరాక వెనక్కి తీసుకోకూడదా?" తీసుకోవచ్చు, రాతపూర్వకంగా. అయితే అది ఆ తర్వాత జరిగేవాటికే వర్తిస్తుంది, అప్పటికే గోప్యమన్న మాట మీద వచ్చి ఫైల్లో ఉన్న లెటర్లు తెరుచుకోవు. స్కాలర్‌షిప్పులకు, రేపు మాస్టర్స్‌కు అప్లై చేసినప్పుడు ఇదే ప్రశ్న ఎక్కడికక్కడ మళ్లీ వస్తుంది, ఇవాళ చేసిన సంతకం వాటికి పనికిరాదు. అప్పుడూ జవాబు ఇదే. సంతకం ఈ వారాంతంలో చేయించేసి, సోమవారం క్లాసయ్యాక కెమిస్ట్రీ టీచర్ దగ్గరికి వెళ్లమనండి.